కుళ్ళాయమ్మ గారి దీర్ఘాగ్రములు

గుట్టకిందపల్లె,
పెనుకొండ తాలూకా,
4-7-1938

హిందూపురం పట్టుపురుగుల ఆఫీసులో పెద్దలైన వారికి, పేరు తెలియదు కాబట్టి ఈ రోజు కుర్చీలో ఎవరుంటే వారికి, కుళ్ళాయమ్మ నమస్కరించి, ఎవరి చేతా రాయించకుండా తన చేత్తోనే రాస్తున్న ఉత్తరం.

అయ్యా, మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఎకరం వేరుసెనగ చేను, అందులో ఒక బావి నాకు మిగిలాయి. మా నాయన వీధిబడి పంతులు కావడంతో నాలుగక్షరాలు వచ్చు. ధర్మవరంలో నా చెల్లెలు బాలనాగమ్మ ఉంది. వాళ్ళ ఇంట్లో అందరూ పట్టుచీరలు నేస్తారు. నిరుడు అది వచ్చి, "అక్కా, ఆ చెనిక్కాయ నమ్ముకోని వాన కోసం ఎన్నాళ్ళు మొగం పైకెత్తుకోని కూర్చుంటావు? నీకు బావి ఉండాది. మల్బరీ ఆకు పెట్టి పురుగులు పెంచు. నీ పట్టు మా మగ్గానికే కావాల" అంది. తనే ఎక్కడి నుంచో కొమ్మలు తెచ్చి ఇచ్చింది. నాటాను. ఏడాదంతా బిందెతోనే నీళ్ళు పోశాను. ఇప్పుడు తోట నా భుజాల దాకా వచ్చింది.

శ్రావణంలో పురుగుల గుడ్లు తెచ్చుకుందామని అనుకుంటూ ఉండగా పక్కచేను మల్లప్ప వచ్చాడు. మా ఆయనకు వరుసకు తమ్ముడు. వచ్చి తోట చుట్టూ తిరిగి, "వదినా, పెనుకొండ సంతలో పురుగుల ఆఫీసోళ్ళు కాగితం అంటించినారు. ఆకు కొన ఎట్టెట్టో అయితే తోటకు రోగమంట. పక్క చేన్లకూ అంటుకుంటాదంట. నీ ఆకు కొన చూసినావా, బల్లితోక మాదిరి సాగుండాది" అన్నాడు.

నిజంగానే సాగి ఉంది. హిందూపురం పక్క తోటల్లో ఆకు కొన మొద్దుగా ఉంటుందని అందరూ అంటున్నారు. నాకు ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. ఇది రోగమా, కాదా, ఒక్క మాట రాస్తే చాలు. రోగమైతే నేనేం చేయాలో ఆలోచించుకుంటాను. కాకపోతే కడుపు నిండా తింటాను.

ఇట్లు, మీ జవాబు కోసం రోజూ టపా వేళకు గడపలో నిలబడే
కుళ్ళాయమ్మ.

మరిచాను: కవరులో మూడు ఆకులు పెట్టాను. నాలుగు పెడితే కవరు ఉబ్బింది. పోస్టుమాస్టరు పట్టి చూసి, "ఏముండాదమ్మా ఇందులో, అప్పడాలా?" అన్నాడు. ఒకటి తీసేశాను.


పట్టుపురుగుల ఆఫీసు,
హిందూపురం,
9-7-1938

గుట్టకిందపల్లె కాపురస్థురాలగు శ్రీమతి కుళ్ళాయమ్మ గారికి, పై ఆఫీసు సహాయకుడు సుబ్బరాయుడు తెలియజేయునది.

మా సూపరింటెండెంటు గారు సెలవులో ఉన్నందున తమ విషయమును నేనే స్వయముగా పరిశీలించితిని. తమరు పంపిన పత్రములు అందినవి. భూతద్దముతో చూచితిని. అవి దీర్ఘాగ్రములు. ఈ ఆఫీసున చేరిన నాలుగు మాసములలో ఇంతటి దీర్ఘాగ్రములను నేను చూచి యుండలేదు.

ఆంగ్ల శాస్త్రగ్రంథములలో దీనిని ఎక్యుమినేట్ అందురు. తెలుగు రైతులకు తెలుగుననే చెప్పవలెనన్నది నా వ్రతము గనుక శ్రమపడి ఈ పదమును నేనే కల్పించితిని. ఇంతవరకు ఏ నిఘంటువునందును లేదు. మొట్టమొదట తమకే వాడుచున్నాను.

ఇది స్వభావమో, వ్యాధియో ఇప్పుడే చెప్పజాలను. టపాలో నలిగినందున అగ్రములు విరిగిపోయినవి. కావున తమ పత్రముల కొనలు పసుపుగా ఉన్నవా లేవా, ఉన్నచో అన్నింటికినా లేక కొన్నింటికేనా, వెంటనే వ్రాయవలెను.

ఇట్లు, తమ విధేయుడు కానవసరము లేకున్నను విధేయుడైన
సుబ్బరాయుడు.

తాజాకలము: తమ పత్రములను అట్టపై అంటించి గోడకు వ్రేలాడదీసితిని. దీర్ఘాగ్రములు ఎట్లుండునో ఆఫీసునకు వచ్చినవారందరకు చూపుచున్నాను.


గుట్టకిందపల్లె,
14-7-1938

గౌరవనీయులైన సుబ్బరాయుడు గారికి, సిగ్గుతో తల వంచుకొని కుళ్ళాయమ్మ చేసే నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అర్థం కాక మా పక్కింటి అక్కమ్మకు చదివి వినిపించాను. ఆమెకు అక్షరాలు రావు గానీ ఊళ్ళో ఎవరికి ఏది అర్థం కాకపోయినా ఆమెనే అడుగుతారు. ఆమె చాలాసేపు ఆలోచించి, "దీర్ఘం అంటే పొడుగు. ఆగ్రం అంటే కోపం. నువ్వు ఆయప్పకు పొడుగు కోపంతో పత్రం రాసినావంట. రెండు కాగితాలు రాసినావు గదా, అందుకే పత్రాలు అంటాండాడు" అని చెప్పింది.

అయ్యా, నేను కోపంతో రాయలేదు. భయంతో రాశాను. మా పక్కన మాట కొంచెం కరుకు, అంతే. అయినా మీరు పెద్దమనసుతో అగ్రములు విరిగిపోయాయని రాశారు. అంటే మీ మనసులో ఆ కోపం లేదన్నమాట. బతికించారు. కానీ ఆ ఉత్తరం గోడకు వేలాడదీసి అందరికీ చూపిస్తున్నారని చదివినప్పుడు నాకు భూమిలోకి పోదామనిపించింది. హిందూపురంలో మా చుట్టాలున్నారు. దయచేసి దింపండి.

పత్రాల కొనలు పసుపుగా ఉన్నాయా అని అడిగారు. మీరు చూసినవాటికి లేవు. అది నా తప్పే. మేలు కోరి రాసే కాగితానికి మూలలకు పసుపు పూయడం మా ఇంటి ఆచారం. మొదటిసారి తొందరలో మరిచాను. ఇప్పుడు ప్రతి కొనా పసుపే. ఒక్కటి కూడా వదల్లేదు.

ఆకు సంగతి మాత్రం మీరు రాయడం మరిచినట్టున్నారు. గుర్తు చేయడం కోపం కాదు.

ఇట్లు, శాంతంగా
కుళ్ళాయమ్మ.

మరిచాను: పసుపు మా పెరట్లో తవ్వి ఇంట్లో దంచిందే. అంగడి పసుపు కాదు.


హిందూపురం,
19-7-1938

శ్రీమతి కుళ్ళాయమ్మ గారికి, కర్తవ్యము కఠినమైనదని ఎరిగిన సుబ్బరాయుడు మిక్కిలి విచారముతో వ్రాయునది.

తమ లేఖలోని ఆచార ప్రసంగమును, అక్కమ్మ గారి ప్రసంగమును విడిచి ముఖ్యవిషయమును మాత్రము గ్రహించితిని. పూర్వము పసుపు లేదు. ఇప్పుడు ప్రతి కొనయు పసుపే. ఒక్కటియు మిగలలేదు. పది దినములలో ఇంతటి వ్యాప్తి. ఇది వ్యాధియే.

ఇంటిలో దంచిన పసుపు పత్రములకు పూయుట వలన ప్రయోజనము శూన్యము. పూసిన చేతిని కడుగుకొనక లేఖ వ్రాసినట్లున్నారు, కాగితపు మూలలన్నియు మరకలే. ఇకపై అట్లు చేయకుడు.

తమ పత్రముల వలన పక్కనున్న మల్లప్ప గారి క్షేత్రమునకు ప్రమాదము కలదు. కావున తమ పత్రములన్నింటిని తక్షణమే దగ్ధము చేయవలెను. ఒక్క పత్రమైనను దాచరాదు. జాలి పనికిరాదు.

ఇట్లు,
సుబ్బరాయుడు.

తాజాకలము: దగ్ధము చేసిన పిమ్మట ఒక సాక్షి చేత వ్రేలిముద్ర వేయించి పంపవలెను. ఆ ముద్రకు పసుపు వాడరాదు.


గుట్టకిందపల్లె,
24-7-1938

సుబ్బరాయుడు గారికి కుళ్ళాయమ్మ రాసేది. నమస్కారం కూడా పెడుతున్నాను, పెట్టకపోతే మళ్ళీ దీర్ఘాగ్రమంటారని.

మీ ఉత్తరం వచ్చిన రోజు పొయ్యి వెలిగించలేదు. నేను అడిగింది ఆకు గురించి. మీరు కాల్చమన్నది పత్రాలను. పురుగుల ఆఫీసుకు నా పత్రాలతో పనేమిటో నాకు తెలియలేదు.

ఆ పత్రాలు మా మామగారి కాలం నాటివి. మా ఆయన కళ్ళు మూసే ముందు నా చేతిలో పెట్టింది వాటినే. గట్టు ఎవరిదో, బావిలో నీళ్ళు ఎవరివో అవే చెబుతాయి. వాటిని చూసుకునే ఒంటరిదాన్ని ఈ ఊళ్ళో ధైర్యంగా బతుకుతున్నాను. వాటి వల్ల మల్లప్ప చేనుకు ప్రమాదమని రాశారు. నిజమే. అవి బయటపెడితే అతను దున్నుకుంటున్న రెండు మూరల నేల నాదవుతుంది. కానీ ఆ సంగతి హిందూపురంలో ఉన్న మీకు చెప్పిందెవరు?

మల్లప్పనే పిలిచి అడిగాను. "నాకేం తెలుసు వదినా, నేను హిందూపురం పోయి రెండేండ్లాయ. సుంకలమ్మ తోడు" అన్నాడు. ఇంటికి పోయి గంట తిరక్కుండానే మళ్ళీ వచ్చి, "ఆ రెండు మూరలూ నీవే, తీసుకో. ఆఫీసోళ్ళతో నాకు లంకె పెట్టొద్దు" అన్నాడు. ఆరేళ్ళ నుంచి తెగని గొడవ అది. మీ పేరు చెబితే తెగింది. అందుకు మీకు రుణపడి ఉంటాను. అయినా పత్రాలు కాల్చను.

ఇట్లు, కదలకుండా
కుళ్ళాయమ్మ.

మరిచాను: అందులో ఒక పత్రాన్ని చెదలు సగం తిన్నాయి. మీకు మరీ పట్టుదలగా ఉంటే ఆ సగం కాల్చినట్టే రాసుకోండి.


హిందూపురం,
29-7-1938

శ్రీమతి కుళ్ళాయమ్మ గారికి, ఓర్పు కోల్పోకుండుటకు ప్రయత్నించుచున్న సుబ్బరాయుడు.

పత్రములు గట్టు గురించి, నీటి గురించి మాటలాడుననుట కవిత్వము. ఆఫీసున కవిత్వమునకు తావు లేదు. చెదలు గూడ పట్టినవని తమరే అంగీకరించితిరి. ఇక జాగు చేసినచో తాలూకా అంతయు పాడగును. వచ్చు నెల పదవ తేదీలోగా, అనగా ఆగస్టు పదవ తేదీలోగా తమరు కాల్చకున్నచో ఇద్దరు బంట్రోతులు వచ్చి కాల్తురు.

తమ దుఃఖము నాకు తెలియకపోలేదు. మా ఇంటను మా తల్లిగారు ఒక తులసిమొక్క వాడినచో మూడు దినములు మాటలాడరు. అందుచే ఓదార్పుగా ఒక మాట చెప్పుచున్నాను. కాల్చిన మూడు మాసములకు క్రొత్త పత్రములు వాటంతట అవే వచ్చును. పాతవాటికన్న లేతగా, వెడల్పుగా ఉండును. తమరు చేయవలసినదెల్ల క్రమము తప్పక నీరు పెట్టుటయే.

ఇట్లు, తమ క్షేమము కోరు
సుబ్బరాయుడు.

తాజాకలము: పేడ ఎరువు గూడ వేసినచో రెండు మాసములకే వచ్చును.


గుట్టకిందపల్లె,
6-8-1938

సుబ్బరాయుడు గారికి, మనసు తేలికపడిన కుళ్ళాయమ్మ నమస్కారాలు.

మీ ఆజ్ఞ నెరవేరింది. బంట్రోతులు అంత దూరం రావద్దు. ఇంట్లో ఏ పత్రాలు రోగమున్నవో, ఏవి లేనివో నేనే తేల్చుకున్నాను. రోగమున్న వాటినన్నిటినీ నిన్న పొద్దున కాల్చేశాను. ఒక్కటి కూడా మిగల్చలేదు. బాగా ఎండి ఉన్నాయేమో, భగ్గున అంటుకున్నాయి. అక్కమ్మ దగ్గరే ఉంది. ఆమె వేలిముద్ర కింద ఉంది. మసితో వేయించాను, పసుపు కాదు.

ఎన్నాళ్ళ నుంచో గుండె మీద పెట్టుకున్న బరువు దిగినట్టుంది. రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇట్లు,
కుళ్ళాయమ్మ.

మరిచాను: ఆ బూడిదతో ఒక చెంబు తోమితే తళతళ మెరిసింది. ఇంకో చెంబుకు చాలలేదు.


హిందూపురం,
17-8-1938

అమ్మా కుళ్ళాయమ్మ గారూ,

ఈ ఉత్తరం ఆఫీసు కాగితం మీద రాయడం లేదు. ఆఫీసు భాషలోనూ రాయడం లేదు. ఆ భాష వాడే అర్హత నాకు లేదు.

మొన్న మా సూపరింటెండెంటు గారు సెలవు నుంచి వచ్చారు. గోడ మీద వేలాడుతున్న మీ ఆకులు చూశారు. భూతద్దం కూడా అడగలేదు. "ఈ రకం మల్బరీ ఈ పక్కకు ఎప్పుడొచ్చింది? దీనికి కొన పుట్టుకతోనే సాగి ఉంటుంది. ఎక్యుమినేట్. మంచి ఆకు. పురుగులు ప్రాణం పెడతాయి" అన్నారు. "ఈ రైతుకు ఏమని రాశావు?" అని అడిగారు. "రాయబోతున్నాను" అన్నాను. జీవితంలో పై అధికారికి నేను ఆడిన మొదటి అబద్ధం అదే.

అమ్మా, పత్రం అంటే ఆకు. అగ్రం అంటే కొన. ఆకు కొన పొడుగ్గా సాగింది, అని నేను మొదటి రోజే నాలుగు మాటల్లో రాసి ఉండవచ్చు. మీ ఉత్తరంలో ఆ మాటలు ఉండనే ఉన్నాయి. మీరే బల్లితోక అని రాశారు. అంత చక్కని మాట చదివి కూడా, దాని మీద సంస్కృతం తెచ్చి కప్పాను. కొత్త మాట పుట్టించాననే గర్వంలో మీ ఉత్తరాలు సరిగ్గా చదవనే లేదు. నిన్న రాత్రి మళ్ళీ తీసి చదివాను. పసుపు ఆకులకు కాదు, కాగితానికి. గట్టు గురించి చెప్పేది ఆకులు కాదు, భూమి పత్రాలు.

అప్పుడు నాకు రెండో భయం పట్టుకుంది. మీరు కాల్చింది ఏమిటి? ఆకులైతే, ఏడాది పాటు బిందెతో నీళ్ళు పోసి పెంచిన తోటను నా మూలంగా బూడిద చేశారు. భూమి పత్రాలైతే, మీకున్న ఒక్క ఆధారాన్ని నా మూలంగా పోగొట్టుకున్నారు. రెండిట్లో ఏది జరిగిందని కోరుకోవాలో కూడా తెలియక కూర్చున్నాను. ఒక్క చెంబుకే బూడిద సరిపోయిందని రాశారు. ఎకరం తోటకు అంతేనా? కాబట్టి కాగితాలే అనుకుంటాను. అనుకోగానే మళ్ళీ ఏడుపు వస్తుంది.

నేనే వచ్చి మీ కాళ్ళ మీద పడాలి. కానీ ఆఫీసులో పురుగులు పొర విడిచే మూడో నిద్ర లేచాయి. రోజుకు ఐదుసార్లు ఆకు వేయాలి. వదిలి వస్తే వాటినీ చంపినవాణ్ణవుతాను. వచ్చే సోమవారం, ఇరవై రెండో తేదీన సూపరింటెండెంటు గారు పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్తూ మీ తోట చూస్తామన్నారు. ఆయనకు మీరు నా ఉత్తరాలన్నీ చూపించండి. దాచమని అడగడం లేదు. అడగడానికి నోరు రావడం లేదు. నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. పోతే పోతుంది. ఇంటి దగ్గర మా అమ్మ ఒక్కతే. ఆమెకు నేనే చెప్పుకుంటాను.

క్షమించమని కూడా రాయలేని
సుబ్బరాయుడు.

మళ్ళీ: గోడ మీది ఆకులు దింపేశాను.


గుట్టకిందపల్లె,
24-8-1938

చిరంజీవి సుబ్బరాయుడికి, మా అక్క కొడుకు వయసువాడివి కాబట్టి ఇకనుంచి నువ్వు అనే రాస్తాను, కుళ్ళాయమ్మ ఆశీర్వదించి రాసేది.

ముందు అన్నం తిను. తిన్న తర్వాత తక్కినది చదువు.

తోట ఉంది. ఒక్క ఆకు కూడా కాలలేదు. మామగారి పత్రాలు ఉన్నాయి. కుండలో పెట్టి మూత వేసి, పైన ఇంకో కుండ పెట్టాను. ఏమీ పోలేదు. ఇప్పుడు ఏం జరిగిందో చెబుతాను.

నీళ్ళు పెడితే, పేడ వేస్తే కొత్త పత్రాలు వస్తాయని నువ్వు రాసిన ఉత్తరం పట్టుకొని పెనుకొండ పోయాను. రిజిస్ట్రాఫీసు ముందర పత్రాలు రాసే ఎర్రిస్వామి ఉంటాడు. "అప్పా, భూమి పత్రాలు కాల్చి నీళ్ళు పోస్తే మళ్ళీ మొలుస్తాయా?" అని అడిగాను. ఆయన కలం పక్కన పెట్టి నన్ను కిందికీ పైకీ చూసి, "మొలిచేటట్టుంటే నేను పొద్దుగూకులూ ఈడ కూర్చోని నడుము ఇరగ్గొట్టుకోని ఎందుకు రాస్తాండా తల్లీ? ఇంత పేడ తెచ్చుకోని ఇంటికాడే ఉందును" అన్నాడు.

ఇంటికొచ్చి అక్కమ్మకు చెప్పాను. బంట్రోతులు వస్తారని ఇద్దరికీ భయమే. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, "సర్కారు మాట కాదనకూడదు, భూమి పత్రాలు పోగొట్టుకోకూడదు. ఈ ఇంట్లో రోగముండే పత్రాలు యాడుండాయో నువ్వే చూడు. ఏ పత్రం వచ్చినాక నీకు భూమిలోకి పోదామనిపిచ్చింది? ఏ పత్రం వచ్చినాక పొయ్యి వెలిగించలేదు?" అంది.

ఆలోచిస్తే అవి నీ ఉత్తరాలే. మూడూ తీసి పొయ్యిలో పెట్టాను. అక్కమ్మ వేలిముద్ర వేసింది. నేను నీకు రాసినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

పత్రం అంటే ఆకని నాకు తెలియదనుకోవద్దు. పూజలో బిల్వపత్రం అని నేనూ అంటాను. కానీ ఆఫీసు ముద్ర ఉన్న కాగితంలో పత్రం అని ఉంటే, అది చెట్టుకు కాసేదని ఎవరైనా అనుకుంటారా నాయనా?

ఇక తోట సంగతి. నువ్వు ఆకు గురించి ఒక్క ముక్కా రాయలేదని నేను దిగులుగా ఉంటే, బాలనాగమ్మ ధర్మవరం నుంచి గుడ్లు తీసుకొని వచ్చింది. "ఆఫీసోళ్ళను అడిగేదేముండాది అక్కా, పురుక్కు ఏసి చూద్దాం. తింటే మంచి ఆకు, తినకుంటే చెడ్డ ఆకు. పురుగు కంటే పెద్దాఫీసరు ఎవురుండారు?" అంది. అవి పిల్లలై, వెంట్రుకంత సన్నగా ఉన్నప్పుడే లేత ఆకు కోసి వేశాం. సాయంత్రానికి ఈనెలు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు తట్టల్లో అవి తింటూ ఉంటే ఇంటి కప్పు మీద సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు. ఈ సీమలో ఆ చప్పుడు వింటూ పడుకోవడం ఎంత సుఖమో నీకు చెప్పలేను.

మొన్న సోమవారం మీ సూపరింటెండెంటు గారు వచ్చారు. నీ ఆఖరి ఉత్తరం ఆ ముందురోజే అందింది. పాలు కాస్తూ అదే మళ్ళీ చదువుతున్నాను. వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. ఇంకేం ఆలోచించలేదు, దాన్నీ పొయ్యిలో పెట్టాను. పాలు పొంగాయి.

పెద్దాయన తోటంతా తిరిగారు. ఒక ఆకు కోసి వెలుతురుకు పెట్టి చూసి, "ఎక్యుమినేట్" అన్నారు. మంచి ఆకని నీ ఉత్తరంలో చదివినా, కాల్చమని రాసిందీ నువ్వే కదా, ఆ మాట వినేసరికి నాకు మళ్ళీ భయం పట్టుకుంది. "అంటే ఏం సామీ, కాల్చల్లనా?" అన్నాను.

"ఎందుకు కాల్చాలి? కొన పొడుగ్గా ఉందని దాని అర్థం. అంతే."

"రోగం కాదా?"

"రోగం కాదమ్మా, పేరు. ఆకులను చూడగానే గుర్తుపట్టడానికి ఒక్కో రకం కొనకు ఒక్కో పేరు పెట్టుకున్నాం."

సుబ్బరాయుడూ, అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఏడుపు వచ్చింది. ఆయన కంగారుపడి నీళ్ళు తెప్పించారు. నెలన్నర నుంచి ఉన్న భయమంతా ఆ ఒక్క మాటతో పోయింది. ఉత్త పేరుకు నేను ఇన్నాళ్ళు పస్తులున్నాను.

తర్వాత ఆయన, "మా ఆఫీసు నుంచి మీకు ఉత్తరాలేమైనా వచ్చాయా?" అని అడిగారు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"వచ్చినాయి సామీ. కాల్చేసినా."

"కాల్చారా? ఎందుకు?"

"కాల్చమని మీ ఆఫీసోళ్ళే రాసినారు."

ఆయన నన్నూ, పొయ్యినీ, మళ్ళీ నన్నూ చూశారు. పాలు తాగి గ్లాసు కింద పెడుతూ, "ముప్పై ఏళ్ళ సర్వీసులో మా ఆఫీసు ఇచ్చిన తెలివైన సలహా ఇదేనమ్మా" అన్నారు. ఆ కుర్రాడు ఎలా పనిచేస్తున్నాడని నన్నే అడిగారు. పురుగులకు ఐదు పూటలా ఆకు వేస్తాడట, వాటిని వదిలి కదలడట అని చెప్పాను. తల ఊపి జేబులోని పుస్తకంలో ఏదో రాసుకున్నారు. ఆయన ముఖం చూస్తే మంచి మాటే రాసుకున్నట్టుంది. మీ అమ్మకు ఏమీ చెప్పే పని లేదు.

నీ ఆఫీసు పురుగులు గూళ్ళు కట్టాక ఒకరోజు సెలవు పెట్టి రా. రాగిసంగటి చేస్తాను. కాళ్ళ మీద పడేదేమీ వద్దు, కడుపు నిండా తిని పో.

ఇట్లు, రెండు పూటలా తింటున్న
కుళ్ళాయమ్మ.

మరిచాను: పెద్దాయన బండెక్కుతూ మా ఎనుమును చూసి, దాని కొమ్ముల చివర్లకు కూడా ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పారు. ఎనుము మేత ఆపలేదు. నేనూ ఆపలేదు, చేతిలో ఉన్న చెనిక్కాయలు తింటూనే విన్నాను.